పశురోగ బాక్టీరియాలు: పోగొట్టుకొన్న జన్యువులు, పుచ్చుకొన్న జన్యువులు

(డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసము)



1895లో భీమవరమున జన్మించి, మదరాసు వైద్యకళాశాలలో చదివి, సముద్రములు దాటి హార్వర్డు చేరి, అచ్చట ఫిస్కేతో కలసి దేహద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని లోకమునకిచ్చి, కండరముల శక్తికి మూలమైన ద్రవ్యములను వెలికిదీసి, పిమ్మట లెడర్లీ పరిశోధనాలయమున ఫోలిక్ ఆమ్లము మొదలుకొని బోదకాలు మందైన హెట్రజాన్ వరకు అనేకౌషధముల అన్వేషణకు నాయకత్వము వహించి, 1948 ఆగస్టులో ఏబదిమూడేండ్లకే కీర్తిశేషులైన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి పేర జరుగు ఈ ఉపన్యాసమునకు ఆవుల, గేదెల రోగములను కలిగించు బాక్టీరియాలు తగిన విషయమేనా యని కొందరు సందేహింపవచ్చును. వారి సందేహమునకు సమాధానము ఆయన జీవితకథలోనే కలదు. ఆయన నిర్దేశకత్వమున నడచిన పరిశోధనాలయముననే బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు, మిస్సోరీ విశ్వవిద్యాలయమువారి శాన్‌బర్న్ క్షేత్రపు మట్టిలో దొరకిన ఒక సూక్ష్మజీవినుండి, ఆరియోమైసిన్ అను బంగారువన్నె మందును సాధించెను. 1948లో వెల్లడియైన ఆ మందే టెట్రాసైక్లిను కుటుంబమున మొదటిది. సుబ్బారావుగారు గతించిన కొలదికాలమునకే, అదే పరిశోధనాలయమున స్టోక్‌స్టాడ్, జ్యూక్స్ అను శాస్త్రజ్ఞులు, ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని మేతలో కలిపినచో కోడిపిల్లలు వేగముగ పెరుగుచున్నవని కనుగొనిరి. 1951లో అమెరికా అధికారులు పశువైద్యుని చీటి లేకయే ఇట్టి మందులను పశువుల మేతలో కలుపుటకు అనుమతించిరి. రోగికి గ్రాములలో కొలిచి ఇచ్చు మందు టన్నుల లెక్కను దాణాలో కలిసిన ఆ దినమునుండి పశువుల బాక్టీరియాల చరిత్ర మరియొక మలుపు తిరిగినది. ఆ చరిత్రను గూర్చియే నేడు మీ యెదుట మాటలాడ సంకల్పించితిని.

బాక్టీరియము రెండుగా చీలునపుడు తన డి.ఎన్.ఎ.కు నకలు తీసి రెండు సంతానములకును ఇచ్చును. నకలు తీయుటలో అప్పుడప్పుడు దొరలు తప్పులే ఉత్పరివర్తనములు. పరిణామమునకు ఇదొక్కటే మార్గమైనచో అది మిక్కిలి మందగతిని సాగియుండెడిది. అయితే 1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్, చచ్చిన రోగకారక న్యూమోకోకస్‌లతో కలిపి ఎక్కించినపుడు బ్రదికియున్న నిరపాయవంశము సైతము ఎలుకలను చంపగల శక్తిని పొందుచున్నదని చూపెను. ఆ శక్తిని మోసికొనిపోయినది డి.ఎన్.ఎ.యే యని ఏవరీ, మెక్లియాడ్, మెకార్టీలు 1944లో నిరూపించిరి. 1946లో లెడర్‌బర్గు, టాటమ్‌లు రెండు బాక్టీరియాలు కలసికొని జన్యువులనిచ్చుకొనుటను, 1952లో జిండర్, లెడర్‌బర్గులు ఫేజ్ అను వైరసు ఒక బాక్టీరియపు జన్యువులను మరియొకదానిలోనికి మోసికొనిపోవుటను కనుగొనిరి. మన పాఠ్యగ్రంథములు వీనిని వరుసగా జన్యుపరివర్తన, సంయుగ్మము, జన్యువహనము అని పేర్కొనుచున్నవి. సంయుగ్మమున జన్యువునిచ్చిన బాక్టీరియమునకు నష్టమేమియు కలుగదు; తాటాకు గ్రంథమును పొరుగూరివారు ప్రతి వ్రాసికొనిపోయినను మూలప్రతి మన ఇంటనే నిలిచియుండునట్లు, ఇచ్చిన జన్యువు ఇచ్చినదానియందును ఉండును, పుచ్చుకొన్నదానియందును ఉండును. ఇరువురును మరల ఇతరులకు ఇయ్యగలరు. క్రోమోజోముతో నిమిత్తములేక వేరుగా తిరుగు చిన్న డి.ఎన్.ఎ. వలయములైన ప్లాస్మిడ్లు ఈ ఇచ్చిపుచ్చుకొనుటలకు ముఖ్యమైన వాహనములు.

పుచ్చుకొనుటను గూర్చి చెప్పుటకు ముందు పోగొట్టుకొనుటను గూర్చి చెప్పవలసియున్నది. ఎందుకనగా పశురోగ బాక్టీరియాలు పోగొట్టుకొన్న జన్యువులే మానవజాతికి గొప్ప మేలు చేసినవి; ఈ సంగతి మన గ్రంథములలో చెప్పవలసినంతగ చెప్పబడలేదని నా అభిప్రాయము.

పశువుల క్షయకు కారణమగు మైకోబాక్టీరియం బోవిస్ ఇట్టి నష్టజీవి. మనిషి క్షయను, పశువు క్షయను కలిగించు బాక్టీరియాలు వేరువేరని 1898లో థియొబాల్డ్ స్మిత్ చూపినది మొదలు, మనిషి పశువులను మచ్చిక చేసికొన్ననాడు ఆవునుండియే క్షయ మనకు అంటుకొన్నదని చిరకాలము విద్యార్థులకు పాఠము చెప్పుచు వచ్చిరి. జన్యువుల పరీక్ష ఈ నిందనుండి ఆవును విముక్తి చేసినది. 2003లో వెల్లడియైన మైకోబాక్టీరియం బోవిస్ జన్యుసముదాయమున 43 లక్షల 45 వేల పైచిలుకు క్షారజంటలు కలవు. మనిషి క్షయ బాక్టీరియముతో పోల్చిచూచినచో నూటికి 99.95 వంతులు ఒక్కటియే. దానికి ప్రత్యేకముగ నున్న జన్యువు లేదు. మనిషి బాక్టీరియమునందుండి దీనియందు లేని భాగములు మాత్రము కలవు. ఒకమారు పోయిన భాగము మరల రాదు గనుక, ఈ లోపముల వరుసనుబట్టి చూడగా మనిషి బాక్టీరియము పశువు బాక్టీరియమునుండి పుట్టలేదని తేలినది. పరుల జన్యువులను పుచ్చుకొను అలవాటు ఈ కుటుంబమునకు లేదనియే చెప్పవచ్చును. ఏకాంతవాసము చేయుచు, ఉన్నదానిని కొంచెము కొంచెముగ వదలుకొనుచు, ఇది ఇంతటి దారుణశక్తిని నిలుపుకొన్నది. ఆ వదలుకొనుట నుండియే మనకు బి.సి.జి. టీకా లభించినది. నోకార్డు అను పశువైద్యుడు పొదుగుక్షయ సోకిన ఆవునుండి వేరుచేసిన వంశమును కాల్మెట్, గ్వెరిన్‌లు 1908 మొదలు 1921 వరకు, పైత్యరసమున ఉడికించిన బంగాళాదుంపమీద, 230 మారులు తిరగనాటి పెంచగా, దానిలో రోగశక్తికి ఆధారమైన ఒక జన్యుభాగము ఊడిపోయినది. మన శిశువుల ఎడమభుజముమీది చిన్న మచ్చ ఆ ఆవుయొక్క బాక్టీరియము మిగిల్చిన గురుతు.

దొమ్మరోగపు కథ ఇంతకన్న విశదమైనది. బాసిల్లస్ ఆంత్రాసిస్ అను ఈ బాక్టీరియమునకు రెండు ప్లాస్మిడ్లు కలవు: ఒకటి, సుమారు 1 లక్ష 82 వేల క్షారజంటలు గలది, విషమును తయారుచేయు జన్యువులను మోయును, రెండవది, సుమారు 95 వేల క్షారజంటలు గలది, పశువు దేహరక్షక కణములు మ్రింగలేని విధమున బాక్టీరియమును చుట్టుకొను కవచపు జన్యువులను మోయును. రెండును ఉన్నపుడు ఉదయము మేతకు పోయిన ఎద్దు సాయంకాలమునకు ముక్కునుండి, గుదమునుండి నల్లని రక్తము కారుచు పడియుండును. ఒక్కటి పోయినను ఈ దారుణము సాగదు. 1881లో పూయీ ల్ ఫోర్ అను గ్రామమున పాశ్చర్ గొర్రెలకును ఆవులకును బహిరంగముగ టీకా వేసి విజయము సాధించినపుడు, 42, 43 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో పెంచుటచేత బాక్టీరియము 'బలహీనపడినది' అని మాత్రమే ఆయన చెప్పగలిగెను; అట్టి వేడిలో మొదటి ప్లాస్మిడ్ పోవునని నూరేండ్ల తరువాత తేలినది. దక్షిణాఫ్రికాలోని ఆండర్‌స్టెపూర్టులో మాక్స్ స్టెర్న్ 1930ల దశాబ్దిలో ఎన్నుకొన్న వంశమున రెండవ ప్లాస్మిడ్, అనగా కవచమునిచ్చునది, పోయినది. నేడును మన పశువైద్యశాలలలో వేయు దొమ్మటీకాకు స్టెర్న్ వంశమే మూలము. ఒకరు విషమును పోగొట్టిరి, మరియొకరు కవచమును పోగొట్టిరి. పోయినది ఒక ప్లాస్మిడ్ అని మాత్రము ఇరువురికిని తెలియదు.

ఈ ప్లాస్మిడ్లు ఒక జాతికే కట్టుబడియుండవు. ఐవరీకోస్టు దేశమునందలి తాయి అరణ్యమున చింపాంజీలు దొమ్మవంటి రోగముతో చచ్చినపుడు పరీక్షింపగా, వానిని చంపినది బాసిల్లస్ ఆంత్రాసిస్ కాదు. దానికి దగ్గరి చుట్టమైన బాసిల్లస్ సీరియస్‌కు చెందిన ఒక వంశము. ఆ రెండు ప్లాస్మిడ్లును దానియందుండెను. జాతిపేరు రోగమును నిర్ణయింపదనియు, ఏ బాక్టీరియము ఏ జన్యువులను మోయుచున్నదో అదియే నిర్ణయించుననియు దీనికన్న స్పష్టముగ చెప్పు నిదర్శనము నాకు కనబడలేదు.

గర్భిణీ పశువులు ఈసుకుపోవు రోగమునకు మనము వాడు ఎస్19 టీకాయు ఇట్టి నష్టఫలమే. 1923లో జాన్ బక్ ఒక ఆవు పాలనుండి తీసిన బ్రూసెల్లా అబార్టస్ వంశము, ప్రయోగశాలలో ఏడాదికి పైగా ఊరక పడియుండి రోగశక్తిని కోల్పోయినది. ఆవు మాయలో విస్తారముగ లభించి బ్రూసెల్లాకు ప్రియాహారమగు ఎరిత్రిటాలు అను చక్కెరను జీర్ణించుకొను జన్యువులలో 702 క్షారజంటలు లోపించుట దానియందు కలిగిన మార్పులలో ఒకటి.

ఇక పుచ్చుకొన్నవానిని గూర్చి. పొదుగువాపును ఎరుగని పాడిరైతు లేడు. చనుకట్టు గట్టిపడి, పాలు విరిగి, పశువు పాలు పిండనీయక కాలు విసరునపుడు ఆ బాధకు మూలమైన బాక్టీరియాలలో ముఖ్యమైనది స్టాఫిలోకాకస్ ఆరియస్. ఇది మొదట మనిషిది. మనిషి ముక్కులోను చర్మముమీదను వసించునది, పశుపోషణ భూమిమీద విస్తరించిన సహస్రాబ్దములలో పాలు పిండు చేతులగుండ పొదుగులోనికి దిగినదని జన్యువుల కాలగణన సూచించుచున్నది. క్షయ విషయమున మనము ఆవుపై మోపిన నింద వట్టిదైనట్లే, ఇచ్చట రోగమును ఆవునకు అంటించినవారము మనమే. కొత్త ఇంటికి తగినట్లు ఆ బాక్టీరియము మారిన తీరు ఆశ్చర్యకరము. మనిషి రోగనిరోధక వ్యవస్థను మోసపుచ్చు జన్యువులను మోయు ఒక ఫేజును పశువులలోని వంశములు పెక్కు వదలివేసినవి. అవి ఆవులోపల నిష్ప్రయోజనములు. వానికి మారుగ, తెగనుండి తెగకు ఫేజుల సాయమున ప్రయాణము చేయు ఒక జన్యుద్వీపమును పుచ్చుకొని, తద్ద్వారా నెమరువేయు జంతువుల రక్తద్రవమును గడ్డకట్టింపగల మాంసకృత్తును సంపాదించినవి. మరియొక ఫేజునుండి ఆ జంతువుల తెల్లకణములను ఛిద్రము చేయు విషమును పొందినవి. కొన్ని వంశములు తిరిగి మనిషికి వచ్చినవి కూడ. సి.సి.97 అను పశువంశము రెండు వేరువేరు పర్యాయములు మనిషిని చేరి, దారిలో మనిషికి సరిపడు జన్యువులను, మెథిసిలిన్ నిరోధకతను సంపాదించుకొని, దేశదేశములకు వ్యాపించినదని 2013లో వెల్లడియైనది. పొదుగునే ఆశ్రయించు మరియొక బాక్టీరియమైన స్ట్రెప్టోకాకస్ అగలాక్టియేలో, పాలచక్కెరను జీర్ణించుకొను ఒక జన్యుసమూహము పశువుల వంశములయందు విరివిగ, మనుషుల వంశములయందు అరుదుగ కనబడుచున్నది. పాలలో బ్రదుకదలచినవారికి పాలచక్కెర అవసరము. ఇంతకుమించి దీనిని వివరింప పనిలేదు.

ఇంగ్లండులో ఆవుపాలనుండి తీసిన ఒక స్టాఫిలోకాకస్ మందులకు లొంగకపోగా, పరీక్షించిన శాస్త్రజ్ఞులకు ఎప్పటి నిరోధక జన్యువు దానియందు కనబడలేదు. దూరపు చుట్టరికముగల మరియొకటి కనబడినది. 2011లో ప్రకటితమైన ఆ జన్యువునకు మెక్-సి అని పేరు. అది మన మందుల వాడుకచేత పుట్టినదని తలచుట సహజము. కాని 2022లో తేలిన సంగతి వేరు: యూరపులోని ముళ్ళజంతువుల చర్మముమీద బ్రదుకు ఒక బూజు పెన్సిలిన్ కుటుంబపు ద్రవ్యములను తయారుచేయుచుండగా, ఆ చర్మముమీదనే వసించు స్టాఫిలోకాకస్, మనిషి పెన్సిలిన్ కనుగొనుటకు నూరేండ్లకు పూర్వమే, ఈ నిరోధకతను అలవరచుకొన్నది. కెనడాలోని యూకాన్ ప్రాంతమున ముప్పదివేల యేండ్లనాటి ఘనీభవించిన మట్టిలో సైతము టెట్రాసైక్లినును ఎదిరించు జన్యువులు లభించినవి. నిరోధక జన్యువులను మనము పుట్టింపలేదు. అవి ఉన్నచోటునుండి కదలి పశువుల కొట్టములోనికి వచ్చుటకును, వచ్చినవి అచ్చట వర్ధిల్లుటకును తగిన పరిస్థితులను మాత్రము మనమే కల్పించితిమి.

ఆ పరిస్థితుల నిజస్వరూపమును చూడవలెనన్నచో పశువుల ఊపిరితిత్తులలోనికి పోవలెను. మన ప్రాంతమున తొలకరి వానలతోడనే గేదెలను గొంతు వాచి గురకపెట్టునట్లు చేసి ఒకటిరెండు దినములలో చంపు గొంతువాపు రోగమును కలిగించునది పాశ్చురెల్లా మల్టోసిడా. ఆసియాలో దాని కవచము బి రకము, ఆఫ్రికాలో ఇ రకమును కలదు. దాని దాయాది మాన్‌హైమియా హీమొలిటికా, పశువుల ముక్కులో నెమ్మదిగ నివసించుచు, దూరప్రయాణములచేతను గుమిగూడుటచేతను పశువు అలసినపుడు ఊపిరితిత్తులలోనికి దిగి, నెమరువేయు జంతువుల తెల్లకణములను మాత్రమే చంపు విషమును విడుచును. ఆ విషపు జన్యువు ఆవులనుండియు గొర్రెలనుండియు తీసిన వంశములలో ఒక్క తీరున లేదు. గొర్రెల వంశములనుండి కొంత, దగ్గరి జాతులనుండి కొంత, ముక్కలుముక్కలుగ వచ్చి అతుకుకొన్న జన్యువది. గొర్రె, ఆవు ఒక్క గాలిని పీల్చు చోట వాని బాక్టీరియాలు విషమును సైతము ముక్కలు చేసి పంచుకొనుచున్నవి.

2005లో నెబ్రాస్కా రాష్ట్రమున ఊపిరితిత్తుల జబ్బుతోనున్న పశువునుండి తీసిన ఒక పాశ్చురెల్లాను 2012లో వివరముగ వర్ణించిరి. దాని క్రోమోజోములో 82 వేల పైచిలుకు క్షారజంటల ఒక భాగము ఇమిడియున్నది. తనంత తాను క్రోమోజోమునుండి ఊడివచ్చి, సంయుగ్మముచేత పొరుగు బాక్టీరియమును చేరి, దాని క్రోమోజోములో మరల ఇముడగల శక్తి దానికి కలదు. ఆ ఒక్క భాగమున పండ్రెండు నిరోధక జన్యువులు గలవు: స్ట్రెప్టోమైసిన్, జెంటమైసిన్, కనమైసిన్, సల్ఫా మందులు, ఫ్లోర్‌ఫెనికాల్, టిల్మికోసిన్ మొదలైన వానికి విరుగుడులతోపాటు టెట్రాసైక్లినును కణమునుండి వెలుపలికి తోడివేయు జన్యువును అందు ఉన్నది. ప్రయోగశాలలో ఇది మాన్‌హైమియాలోనికిని, ఎషరిషియా కోలైలోనికిని పోగలిగినది. ఈ జన్యువులన్నియు ఒక్కచోట చేరుటయే మిక్కిలి భయంకరమైన విషయము. పశువునకు ఇచ్చిన మందు ఏదియైనను, ఆ ఒక్క మందునకు సంబంధించిన జన్యువుతోపాటు మిగిలిన పదకొండును రక్షింపబడి వృద్ధిపొందును. టెట్రాసైక్లినుతో చికిత్స చేసినవాడు తాను ఎన్నడును వాడని మందునకు సైతము నిరోధకతను పెంచినవాడగును.

టెట్రాసైక్లిను విషయమున ఇంతకన్న గంభీరమైన సంగతి కలదు. ప్రేగులలో నివసించు బాక్టిరాయిడ్స్‌లో ఈ మందు, నిరోధకతలేని బాక్టీరియాలను చంపుటతో ఆగక, ఒకరకపు జన్యుభాగము పొరుగువానికి బదిలీయగుటనే నూరునుండి వేయి రెట్లు హెచ్చించుచున్నదని తెలిసినది. స్వల్పమోతాదున నిత్యము మేతలో కలిపిన మందు చేయుపని ఎట్టిదో దీనినిబట్టి ఊహింపవచ్చును. ఊహింపనక్కరలేకయే చూచినవాడు లండనులోని ఇ.ఎస్. ఆండర్సన్. 1960ల దశాబ్ది నడుమ, పుట్టిన కొలదిదినములకే దూడలను కొని దూరప్రాంతములకు అమ్ము వర్తకము సాగుచున్న ఇంగ్లండులో, 29వ రకపు సాల్మొనెల్లా టైఫిమ్యూరియం దూడలనుండి దూడలకును, వానినుండి మనుషులకును వ్యాపింపగా, దాని నిరోధకత పెక్కింట ఇతర బాక్టీరియాలకు బదిలీ కాగలదని ఆయన చూపెను. ఆ హెచ్చరికచేతనే ప్రభుత్వము స్వాన్ సంఘమును నియమించెను. మనిషి చికిత్సకు వాడు మందులను పశువుల పెరుగుదలకై మేతలో కలుపరాదని ఆ సంఘము 1969లో చెప్పినది. ఐరోపా సమాఖ్య పెరుగుదలకై వాడు యాంటిబయోటిక్కులనన్నిటిని నిషేధించినది 2006 జనవరిలో. ఒక సత్యము తెలిసినదినమునకును దానిననుసరించిన దినమునకును నడుమ ముప్పదియారేండ్లు గడచినవి. ఈ ఆలస్యమునకు సమర్థన లేదు.

దీనికి ఆరియోమైసిన్‌ను గాని, దానిని సాధించిన పరిశోధనాలయమును గాని దూషింపరాదు. ఆ మందు కాపాడిన ప్రాణములకు లెక్కలేదు. రోగమునకై కనిపెట్టిన మందును రోగము లేనిచోట వాడుటయే దోషము. ఆ దోషము మనదేశమునకును వచ్చినది. చైనాలో పశువుల బాక్టీరియాలయందు కొలిస్టిన్ అను ఆఖరిమందునకు ప్లాస్మిడ్‌మీద తిరుగు నిరోధకత 2015లో బయల్పడిన పిదప, 2019లో భారతప్రభుత్వము కొలిస్టిన్‌ను ఆహారపశువులకు వాడుటను నిషేధించినది. ఇది సరియైన నిర్ణయము. కాని తెలుగునేలమీద పాడి చాలవరకు రెండుమూడు పశువుల ఇండ్లలోనిది. ఇచ్చట దోషము మేతసంచిలోనికన్న సూదిలో ఎక్కువగ ఉన్నది. పొదుగు వాచిననాడు పరీక్షలేకయే ఏదో ఒక మందు పొడిపించుట, వాపు తీసినట్లు కనబడగానే మానివేయుట, మరల వాచినపుడు మరియొక మందునకు మారుట గ్రామములలో నేను తరచుగ చూచుచున్నాను. రైతును నేను తప్పుపట్టను. పూటపాలు పోయిన ఇంటికి ఆ పూట గడవదు. పాలను పరీక్షింపగల ప్రయోగశాల అతనికి చేరువలో లేదు. అది అతనికి చేరువగునట్లు చేయుట ప్రభుత్వముయొక్కయు, పాలసంఘములయొక్కయు విధి.

పశువైద్యులగు మీకు, కాబోవు మీకు, నా మనవి యిది. టీకాచేత ఆగిన రోగమునకు యాంటిబయోటిక్కు అక్కరలేదు. మందు పడనిచోట నిరోధక జన్యువునకు ఆధిక్యము లేదు. కావున తొలకరికి ముందే గొంతువాపు టీకాను, నాలుగునుండి ఎనిమిది నెలల వయస్సుగల పెయ్యదూడలకు ఈసుడు టీకాను తప్పక వేయింపుడు. పొదుగు వాచినచోట సూదికి ముందే చనుకట్టు పాలను శుభ్రమైన సీసాలో పట్టి పరీక్షకు పంపుడు; మొదలుపెట్టిన మందును పూర్తిగ వాడింపుడు. మీ జిల్లాలలోని బాక్టీరియాలు ఏ మందులకు లొంగుచున్నవో, దేనికి లొంగుటలేదో వ్రాసిపెట్టి ప్రకటింపుడు. మందు వాడిన దినములలో అమ్మరాని పాలను, పారబోయుటకు మనసొప్పక, దూడలకు పోయు అలవాటు అనేక ఇండ్లలో ఉన్నది. ఆ పాలలోని స్వల్పమోతాదు మందు దూడ ప్రేగులలో నిరోధక జన్యువులనే పెంచును. ఆ పాలను దూడకు త్రాగింపవలదని ప్రతియింటను చెప్పుడు.